షెరిన్ పడిన మెట్టు

పదకొండో వారం

కారు డ్రైవ్‌వేలోకి తిరిగి ఆగింది గాని, అందులోంచి ఎవరూ దిగలేదు.

మణి వంటింటి కిటికీ దగ్గర నిలబడి చూస్తోంది. అది జెరెమీ కారు. ఏడాది కిందటి దాకా ప్రతి శుక్రవారం అందరికంటే ముందు వచ్చి అక్కడే ఆగేది. జెరెమీ ఇంజను ఆపేలోపే అతని భార్య షెరిన్ దిగి గరాజ్‌లోంచి ఇంట్లోకి వచ్చేసేది, "వందనాలక్కా, నేనేం తరగను?" అంటూ.

పోయిన జనవరిలో, కుటుంబ ప్రార్థనకి ముప్పైమంది వచ్చిన ఒక శుక్రవారం, షెరిన్ ఆ గరాజ్ మెట్టు మీదే పడింది. మోకాలి చిప్ప రెండు ముక్కలయింది. అక్టోబర్‌లో ఎవరో తలుపు కొట్టి, మణి చేతిలో కోర్టు కాగితాల కట్ట పెట్టి, సంతకం పెట్టించుకుని పోయాడు. పైన షెరిన్ పేరు, కింద మణి పేరు, మధ్యలో ఇద్దరినీ విడదీస్తూ, 'వర్సెస్' అనడానికి గుర్తుగా ఒక్క చిన్న 'v'. అప్పటికే ఇద్దరికీ మాటల్లేవు. వచ్చే మంగళవారం పొద్దున పదింటికి లాయర్ల ముందు ప్రమాణం చేసి మణి సాక్ష్యం చెప్పాలి.

ఇవాళ శనివారం. షెరిన్ వచ్చింది.

"ఆమెతో మాట్లాడకండి," అని ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టిన లాయరు చెప్పింది. సంఘ పెద్ద జూడ్ అన్న అదే మాటకి ఇంకో నాలుగు కలిపి చెప్పాడు. "ఫోన్ కూడా ఎత్తకండి సిస్టర్. ఈ దేశంలో అన్నీ రికార్డ్ చేస్తారు."

జెరెమీ దిగాడు. తలుపు దాకా రాకుండా, కిటికీ వైపు చూసి చెయ్యెత్తాడు. కౌంటర్ మీదున్న మణి ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. *నేను మెట్లెక్కలేను. మీరే రండి.*

మెసేజ్‌లో 'అక్కా' లేదు. మణి రెండుసార్లు చదివింది. చనిపోయిన భర్త జాకెట్ తగిలించుకుంది. అది ఆమెకి మోకాళ్ళ దాకా వస్తుంది. ముందు తలుపు తీసుకుని బయటికి నడిచింది.

"వందనాలక్కా," అన్నాడు జెరెమీ.

"వందనాలు. లోపలికి రా జెరెమీ, బయట పదకొండు ఫారన్‌హీట్, గడ్డకట్టే చలి."

"పర్లేదు. మీరు కార్‌లో కూర్చోండి, హీటర్ వేసే ఉంది. నేను కొంచెం నడుస్తాను. డాక్టర్ రోజూ నడవమన్నాడు."

"నిన్నా?"

"ఆవిడని. ఆవిడ వంతు నేను నడుస్తున్నా." టోపీ చెవుల మీదికి లాక్కుని మెయిల్‌బాక్స్ వైపు వెళ్ళిపోయాడు.

మణి ముందు సీట్లో కూర్చుంది. షెరిన్ వెనక సీట్లో అడ్డంగా, కాలు పొడుగ్గా చాపుకుని ఉంది. రెండో ఆపరేషన్ అయి ఆరు వారాలు. తొడ నుంచి పిక్క దాకా, కాలు వంగకుండా నల్లటి పట్టీల బ్రేస్. మణి తల తిప్పితే ఆ కాలు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. మొహం చూడాలంటే అద్దంలో చూడాల్సిందే. షెరిన్ చిక్కిపోయింది. జుట్టు మధ్యలో తెల్లగా పాపిడి అంత వెడల్పున రంగు వెలిసింది. పద్నాలుగేళ్ళు చిన్నది తనకంటే.

"కాలెలా ఉంది?"

"ఉంది."

మణి హీటర్ ముందు చేతులు కాచుకుంది.

"నీతో మాట్లాడొద్దంది మా లాయరు," అంది మణి.

"మావాడూ అదే అన్నాడు. ఇద్దరూ ఒకే బళ్ళో చదివినట్టున్నారు."

మణికి నవ్వొచ్చింది. నవ్వితే ఏమవుతుందోనని ఆపుకుంది. ఆపుకున్నాక, అక్టోబర్ నుంచీ గొంతులో ఉన్న మాట బయటికొచ్చింది. "కోర్టుకెందుకెళ్ళావు షెరిన్? మనం మనం. నాతో ఒక్క మాట అనుంటే సరిపోయేది కదా?"

"అనడానికి మూడుసార్లు ఫోన్ చేశాను. మీరు ఎత్తలేదు."

"జూడ్ అన్న..."

"తెలుసు." షెరిన్ బ్రేస్ పట్టీ ఒకటి ఊడదీసి మళ్ళీ బిగించుకుంది. "అక్కా, నేనెవరి మీదా కేసు వెయ్యాలనుకోలేదు. మొదటి ఆపరేషన్ అయ్యాక నా హెల్త్ ఇన్సూరెన్స్ వాళ్ళు ఫారం పంపారు, ఎక్కడ పడ్డారు, ఎవరిల్లు అని. ఉన్నదే రాశాను. అయితే ఈ ఖర్చు ఆ ఇంటి ఇన్సూరెన్స్ వాళ్ళు కట్టాలి అన్నారు. మీ కంపెనీని అడిగితే, ఇంటావిడ తప్పు లేదు, కట్టం అన్నారు. ఫార్మసీలో నాది రోజంతా నిలబడే ఉద్యోగం. జూన్‌లో తీసేశారు. అప్పుడు వెళ్ళాను లాయర్ దగ్గరికి. అప్పుడు కూడా అడిగాను, అక్క మీద కాకుండా కంపెనీ మీద వెయ్యొచ్చా అని. ఈ రాష్ట్రంలో కుదరదట. ఇచ్చేది వాళ్ళే అయినా, కాగితం మీద మీ పేరే ఉండాలట."

"ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు."

"సంఘంలో ఏమనుకుంటున్నారో అది మాత్రం నాకు అందరూ చెప్పారు. విశ్వాసురాలినయ్యుండి తోటి విశ్వాసిని కోర్టుకీడ్చానట. విధవరాలి ఇల్లు లాక్కోబోతున్నానట."

"నేనలా అనలేదు షెరిన్."

"కాదని కూడా అనలేదు."

కిటికీ బయట జెరెమీ మెయిల్‌బాక్స్ దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. పోస్ట్‌మాన్ వేసిన ప్రకటనల కాగితం ఒకటి తీసి, నడుస్తూ శ్రద్ధగా చదువుతున్నాడు.

షెరిన్ ఫోన్ తీసింది. "మీరు ఇన్సూరెన్స్ వాళ్ళకిచ్చిన స్టేట్‌మెంట్ మా లాయర్ నాకు పంపాడు. చదవనా?"

"వద్దు."

"రెండే లైన్లు." షెరిన్ కళ్ళజోడు పెట్టుకుంది. అది కొత్తది, మణి ఇంతకుముందు చూడలేదు. "ఆ మెట్టుతో ఏదైనా సమస్య ఉందని మీకు ముందే తెలుసా అని వాడడిగాడు. మీరు, 'నో సర్. ఇట్ వాజ్ ఎ గుడ్ స్టెప్. మై హస్బెండ్ మేడ్ ఇట్' అన్నారు."

మణి చేతులు జాకెట్ జేబుల్లో ముడుచుకున్నాయి.

"తర్వాత నా గురించి. 'షీ ఈజ్ ఆల్వేస్ రన్నింగ్.'" ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. "మీ ఇంట్లో ముప్పైమందికి వడ్డించాలంటే పరిగెత్తక ఇంకేం చేస్తానక్కా? కోడికూర గిన్నె గరాజ్‌లో ఉంది, తెచ్చిపెట్టు అని ఎవరన్నారు?"

జనవరిలో ఈ నోవై ఊళ్ళో గరాజ్ అంటే ఇంకో ఫ్రిజ్. ఏ పెద్ద గిన్నె అయినా అక్కడే, కారు పక్కన చిన్న బల్ల మీద. అందరూ చెప్పులూ బూట్లూ విడిచి సాక్సులతో తిరుగుతారు. పరుగున వెళ్ళి సాక్సులతోనే ఆ మూడు మెట్లూ దిగి గిన్నె పట్టుకొస్తారు. పదేళ్ళుగా అంతే. ఆ రోజు షెరిన్ గిన్నె రెండు చేతులా పట్టుకుని వస్తూ పై మెట్టు మీద కాలు పెట్టింది. అది ఒక పక్కకి ఒరిగింది. కూర కారు టైరు మీద, షెరిన్ సిమెంటు మీద. లోపల అందరూ పాట పాడుతున్నారు. షెరిన్ కేక ఆ పాటలో కలిసిపోయింది. రెండో చరణం అయ్యాక గాని ఎవరికీ తెలియలేదు.

"నేనే పంపాను," అంది మణి.

"నేను పడకముందు నవంబర్‌లో, థాంక్స్‌గివింగ్ ముందు వారం జెరెమీ డ్రిల్ తెచ్చాడు గుర్తుందా? ఆ మెట్టు ఊగుతోంది, రెండు స్క్రూలు బిగిస్తే చాలన్నాడు. నువ్వు డ్రిల్ అతని చేతిలోంచి తీసేసుకున్నావు. ఆయన చేసింది, ఎవరూ ముట్టుకోవద్దన్నావు. నేను సింక్ దగ్గర కొత్తిమీర కడుగుతూ ఉన్నా."

ఆమె మాటల్లో 'నువ్వు' తిరిగి వచ్చింది. అది ఆమె గమనించలేదు. మణి గమనించింది.

"గుర్తుంది."

"మా లాయర్ పదేపదే అడిగాడు. ఇంటివాళ్ళకి ముందే తెలిసుండి, వచ్చినవాళ్ళకి చెప్పకపోతేనే కేసు నిలబడుతుందట. తెలుసనడానికి ఏమైనా రుజువుందా అన్నాడు. లేదన్నాను. జెరెమీ కూడా లేదన్నాడు."

మణి అద్దంలోకి చూసింది. "ఎందుకు?"

"నువ్వు అబద్ధమాడావని నా నోటితో చెప్పాలి కదా మరి. పదేళ్ళు నీ పక్కన మోకాళ్ళేసుకుని ప్రార్థన చేశాను. మా పెద్దోడికి జ్వరమొస్తే మూడు రోజులు నీ మంచం మీద పడుకోబెట్టుకున్నావు. ఎలా చెప్తాను?" కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "కాని గురువారం నా సాక్ష్యం. ప్రమాణం చేయించి ఇదే అడుగుతారు. అప్పుడు నేను లేదనలేనక్కా. మంగళవారం నీది. నువ్వు ముందు చెబితే, తప్పు సరిదిద్దుకుందంటారు. రెండ్రోజుల తర్వాత నేను చెబితే, దొరికిపోయిందంటారు. అది చెప్పడానికే వచ్చాను. కాలు ముడవడానికి రాదు, లేకపోతే లోపలికొచ్చి చెప్పేదాన్ని."

కిటికీ అద్దం మీద టక్‌టక్‌మని చప్పుడైంది. జెరెమీ. మణి కిటికీ కాస్త దించింది.

"అక్కా, మీ మాటలు అయిపోకపోతే చెప్పండి, ఇంకో రౌండ్ వేస్తా. కాని మీసాలు గడ్డకట్టాయి, ఊడొస్తాయేమోనని భయంగా ఉంది."

షెరిన్ నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళో అయింది. మణి కారు దిగి తలుపు పట్టుకుని నిలబడింది. "సేమియా పాయసం చేశాను. డబ్బాలో పెట్టిస్తా, ఒక్క నిమిషం."

"వద్దక్కా," అంది షెరిన్. "కేసు అయ్యేదాకా మీ ఇంటి నుంచి ఏదీ తీసుకోకూడదన్నారు."

కారు వెనక్కి వెళ్ళి, వీధి మలుపు తిరిగింది. మణి అక్కడే నిలబడింది. చేసిన పాయసం నలుగురికి సరిపోయేంత ఉంది. ఎవరికోసం చేసిందో ఆమెకే తెలియదు. ఏడాదయినా పాలు కొలిచే చెయ్యి మారలేదు.

*

మణి ఇంట్లోకి వెళ్ళి, చాలా నెలల తర్వాత గరాజ్ తలుపు తీసింది. మూడు మెట్లకీ అడ్డంగా పసుపు టేపు. దేన్నీ కదపొద్దని లాయరు చెప్పింది కాబట్టి మణే కట్టింది.

మణి భర్త సుందర్ రాజ్ కార్ల కంపెనీలో ఇరవయ్యేళ్ళు కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి. సుత్తి పట్టుకోవడం కూడా సరిగా రాదు. ఈ ఇల్లు కొన్న ఏడాది, పాత మెట్లు పుచ్చిపోయాయని, వీడియోలు చూసి రెండు వారాల పాటు ఈ మూడు మెట్లూ చేశాడు. బొటనవేలు నల్లబడింది. వచ్చిన ప్రతివాణ్ణీ గరాజ్‌లోకి తీసుకెళ్ళి "ఎక్కి చూడండి, ఎగిరినా కదలదు" అనేవాడు. కదిలేది. పై మెట్టు కింద చెక్క కాలు ఒకటి అర అంగుళం పొట్టి. మణికి మొదటి రోజే తెలిసింది. చెప్పలేదు. ఆయన ఆఫీస్‌కి వెళ్ళాక అట్టపెట్టె ముక్క నాలుగు మడతలు పెట్టి, ఆ కాలి కింద దూర్చింది. కారు మీది మంచు కరిగి ఆ నీళ్ళకి అట్ట ప్రతి చలికాలం నానిపోయేది. ప్రతి డిసెంబర్‌లో కొత్తది పెట్టేది. పదిహేడేళ్ళు పెట్టింది. ఆయనకి చివరిదాకా తెలియదు.

మూడేళ్ళ కిందట ఆయన పోయాడు. ఆ డిసెంబర్‌లోనూ, దాని మరుసటి డిసెంబర్‌లోనూ పెట్టింది. ఆ పై డిసెంబర్ వచ్చేసరికి పెట్టలేదు. మర్చిపోయి కాదు. అట్ట మడతపెట్టి చేత్తో పట్టుకుని, ఈ మెట్టు దగ్గర కూర్చుని, ఎవరి దగ్గర దాస్తున్నాను ఇంకా, అనుకుంది. అట్ట పక్కన పడేసి లేచి వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా షెరిన్ పడింది.

స్టేట్‌మెంట్ రోజు జూడ్ అన్న ఎదురుగా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, ఆ ప్రశ్న వచ్చినప్పుడు తల అడ్డంగా ఊపిన మాట నిజమే. కాని ఆయన ఊపకపోయినా ఆమె అదే చెప్పేది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి, ఫోన్‌లో, నా భర్తకి మెట్టు చెయ్యడం రాలేదు అని ఎలా చెప్తుంది?

*

ఆదివారం ఆరాధన అయ్యాక, ఫెలోషిప్ హాల్‌లో మణి పేపర్ ప్లేట్ పట్టుకుని గోడ పక్క కుర్చీలో కూర్చుంది. పక్క రెండు కుర్చీలూ ఖాళీ. అందరూ పలకరించారు. ఆగి పలకరించినవాళ్ళు లేరు. జూడ్ అన్న మాత్రం ప్లేటుతో వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మంగళవారానికి సిద్ధమేనా సిస్టర్?"

"ఏం సిద్ధం అన్నా?"

"ఏమడిగినా 'ఐ డోంట్ రికాల్' అనండి, అంతే. అది అబద్ధం కాదు. వయసు పెరిగితే మరుపు రాదా ఏంటి? మిగతాది నేను చూసుకుంటున్నా. చెయ్యాల్సినవి చేస్తున్నా."

"పోయినవారం నా పెళ్ళిరోజుకి మీరు ఫోన్ చేస్తే, మనం మొదటిసారి కలిసిన తేదీతో సహా చెప్పాను. మీరే మెచ్చుకున్నారు."

జూడ్ అన్న మొహం కాస్త ఎర్రబడింది. చెడ్డవాడు కాదు ఆయన. మంచు పడిన ప్రతిసారీ తన డ్రైవ్‌వే కంటే ముందు మణి డ్రైవ్‌వే శుభ్రం చేసేవాడు. "నేను సుందర్ రాజ్ అన్నకి మాటిచ్చాను సిస్టర్, మిమ్మల్ని చూసుకుంటానని. హాస్పిటల్లో, చెయ్యి పట్టుకుని. ఆయన మీకు మిగిల్చింది ఆ ఇల్లొక్కటే. అది పోతే నేను ఆయనకేం సమాధానం చెప్పాలి?"

"చూసుకుంటానన్నారు. శుక్రవారం ప్రార్థన మీ ఇంటికి మార్చారు."

"మీకు శ్రమ తగ్గుతుందని."

"పన్నెండు జతల చెప్పులు కొన్నానన్నా. కింద రబ్బరున్నవి, ఇంట్లో వేసుకోవడానికి. ఎవరూ జారకుండా. లాండ్రీ రూమ్‌లో పెట్టాను, అన్ని సైజులూ. ట్యాగులు కూడా తియ్యలేదు."

"వచ్చే నెల నుంచి చూద్దాం సిస్టర్," అని జూడ్ అన్న ప్లేటు తీసుకుని లేచాడు.

*

సోమవారం పొద్దున తొమ్మిదింటికి మణి తన లాయరుకి ఫోన్ చేసింది. కొవాల్‌స్కీ అనే ఆ లాయరు నలభై ఏళ్ళ మనిషి, మెల్లగా, పిల్లలకి చెప్పినట్టు మాట్లాడుతుంది.

"రేపటి గురించి కంగారుగా ఉందా?" అంది.

"నేను మొదట చెప్పింది మార్చాలి," అంది మణి ఇంగ్లీషులో. రాత్రంతా మనసులో దిద్దుకున్న వాక్యాలు. "ఆ మెట్టు ఊగుతుందని నాకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. కింద అట్ట పెట్టేదాన్ని. ఆ ఏడాది పెట్టలేదు. ఒకరు బాగు చేస్తానంటే వద్దన్నాను."

అవతల కుర్చీ కిర్రుమంది. "ఆగండి. ఇంకేమీ చెప్పకండి."

మణి ఆగింది.

"మీరు నా క్లయింట్. కాని నన్ను పెట్టింది కంపెనీ. ఇప్పుడు మీరన్న మాటతో మీ దారి, కంపెనీ దారి వేరయిపోవచ్చు. అందుకని ఈ విషయంలో మీకు నేను సలహా చెప్పకూడదు. మీకు సొంత లాయర్ కావాలి."

"రేపు పదింటికి కదా?"

"వాయిదా అడుగుతాను. ఇస్తారని చెప్పలేను."

"నేను నిజం చెబితే కంపెనీ ఏం చేస్తుంది?"

"ఏమీ చెయ్యకపోవచ్చు. మీ స్నేహితురాలికి ఇవ్వాల్సింది ఇచ్చి ఊరుకోవచ్చు. లేదా, మొదట తెలిసీ దాచారు కాబట్టి మేం తప్పుకుంటున్నాం అనొచ్చు. పాలసీలో అలాంటి షరతుంది. అప్పుడు తీర్పులో ఎంత వస్తే అంతా మీ మీద పడుతుంది. మీకు ఇల్లు తప్ప ఇంకేమైనా ఉందా?"

"లేదు."

"ఇల్లు మీ ఒక్కరి పేరు మీదే ఉంది కదా?"

మణి డైనింగ్ టేబుల్ వైపు చూసింది. సుందర్ రాజ్ చివరి నెలలో, కాన్సర్ ఎముకల్లోకి వచ్చాక, అక్కడే కూర్చుని ఇంటి కాగితాల మీద సంతకాలు పెట్టాడు. కూతురు కాలిఫోర్నియాలోని శాన్ రామన్ నుంచి వచ్చి తనూ పెట్టి, కార్‌లోకి వెళ్ళి తలుపులేసుకుని ఏడ్చింది.

"మా అమ్మాయి పేరు కూడా ఉంది. ఫెబీ."

అవతల కీబోర్డ్ చప్పుడు ఆగిపోయింది. "ఇది మీరు నాకెప్పుడూ చెప్పలేదు."

"మీరు అడగలేదు."

"వినండి. నిజం చెప్పొద్దని నేనెప్పుడూ అనను. కాని మీ అమ్మాయి వాటా కూడా ఇందులో ఉంది. ఆమె పేరు కూడా దావాలోకి రావచ్చు. మీరు ప్రమాణం చేసేలోపు ఆమెకి అంతా తెలియాలి. కేసు సంగతి ఆమెకి తెలుసు కదా?"

ఫెబీతో మణి ఫోన్‌లో మాట్లాడేది ప్రతి ఆదివారం సాయంత్రం పదిహేను నిమిషాలు. వాతావరణం, షుగర్ మాత్రలు, 'ఇల్లు అమ్మేసి మా దగ్గరికి రా మమ్మీ', 'చూద్దాంలే'. షెరిన్ ఆంటీ జారిపడిందని చెప్పింది. ఇంకేమీ చెప్పలేదు. చెబితే, ఇక ఆ ఇంట్లో ఒక్కదానివే ఉండొద్దని విమానం టికెట్ బుక్ చేసేస్తుంది.

"ఇవాళ చెబుతాను," అని ఫోన్ పెట్టేసింది.

కాలిఫోర్నియాలో ఇంకా ఆరున్నర. పది నిమిషాలు ఆగింది. వంటింట్లో అటూ ఇటూ తిరిగింది. పాయసం గిన్నె మూత తీసి మళ్ళీ పెట్టింది. కుర్చీ కిటికీకి దగ్గరగా లాక్కుని, కూతురి నంబర్ నొక్కింది.

"మమ్మీ? వాట్ హాపెండ్? హాస్పిటల్లో ఉన్నావా?"

"లేదమ్మా, ఇంట్లోనే ఉన్నాను. బాగానే ఉన్నాను."

"మరి మండే కాల్ చేశావ్? నువ్వు మండే ఎప్పుడూ కాల్ చెయ్యవు." అవతల కాఫీ మెషిన్ చప్పుడు, నీళ్ళ చప్పుడు.

"ఫెబీ, గరాజ్‌లో మీ డాడీ చేసిన మెట్లున్నాయి చూడు..."

"ఓ, అదా!" ఫెబీ గొంతు తేలికపడింది. "అది అయిపోయింది మమ్మీ. నువ్వు వర్రీ అవ్వకు."

"ఏది అయిపోయింది?"

"ఆ పేపర్. జూడ్ అంకుల్ నిన్న ఈవినింగ్ ఫోన్ చేశాడు. ఇంటి ఇన్సూరెన్స్‌కి ఏదో లెటర్ కావాలి, నేను కూడా ఓనర్ కదా, మమ్మీని బాదర్ చెయ్యొద్దు అన్నాడు. తనే టైప్ చేసి ఫోన్‌కి పంపాడు. డిన్నర్‌కి లేట్ అవుతోంది, నేను సైన్ చేసి పంపించేశాను. ఎవరో లాయర్ ఆఫీస్‌కి."

మణి కుర్చీలోంచి లేచింది. "అందులో ఏం రాసుంది?"

"ఫుల్‌గా చదవలేదు మమ్మీ. ఆ మెట్టు ఎప్పుడూ గట్టిగా ఉండేది, నేను వచ్చినప్పుడల్లా చూశాను, దాని గురించి మా మమ్మీ ఎప్పుడూ ఏమీ చెప్పలేదు, అట్లా. లాస్ట్‌లో 'అండర్ ఓత్', ప్రమాణం చేసి చెబుతున్నా అని ఏదో ఉంది." కాఫీ మెషిన్ ఆగింది. ఇంట్లో ఎవరో పిలిచారు, ఫెబీ పలకలేదు. "మమ్మీ? ఏం మాట్లాడట్లేదేంటి?"

కిటికీ బయట మళ్ళీ మంచు పడడం మొదలైంది.

"మమ్మీ, నేను సైన్ చేసింది నిజమే కదా?"